లెక్కలోకి రానివాళ్ళు

చేతులు వేడినీళ్ళ తొట్టిలో ఉండగానే లాల్ బీకి ఊపిరాడలేదు. ఉడుకుతున్న పట్టుగూళ్ళలోంచి తీసిన దారం కొసను వదలకుండానే పక్కకు ఒరిగిపోయింది. పక్క తొట్టి దగ్గరున్న కమరున్నీసా లేచి పట్టుకోబోతే మేస్త్రీ అడ్డం వచ్చాడు. ఇద్దరు మగవాళ్ళు లాల్ బీని చెరో రెక్కా పట్టి బయటికి నడిపించి తంబళ్లపల్లె బస్సెక్కించారు. తొట్టిలో నీళ్ళు చల్లారకముందే ఆ పీట మీద ఇంకో ఆడమనిషి కూర్చుంది.

అది ఎనభై మూడో సంవత్సరం. పుంగనూరు శివార్లలో వెంకటరమణ సావుకారు పట్టుదారం షెడ్డు అది. ఆవిరి, ఉడికిన పురుగుల కంపు, కిటికీలు లేని గోడలు. దగ్గు వస్తే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. వినబడితే పని పోతుంది.

కూలీలు పెట్టుకున్న అర్జీ మీద సర్కారు డాక్టరు వచ్చాడు. వెంట అమరావతి అనే అమ్మాయి. మదనపల్లెలో నర్సు పని నేర్చుకుంటోంది. డాక్టరు అందరి వీపుల మీదా గొట్టం పెట్టి చూసి, సావుకారు ముందే తేల్చేశాడు.

"ఎనభై మందిలో నలుగురికే ఆయాసం. ఏ వీధిలో చూసినా ఇంతే ఉంటుంది. షెడ్డును తప్పుపట్టలేం."

"ఎంత మింగినాడో" అన్నాడు బాయిలర్ కింద కట్టెలు ఎగదోసే కొండప్ప.

ఆ సాయంత్రం కమరున్నీసా ఇంటి ముందు అందరూ చేరి తిట్టుకుంటుంటే అమరావతి వచ్చింది.

"యాల వచ్చినావు? ఎవరు పంపినారు నిన్ను?" అంది కమరున్నీసా.

"ఎవరూ పంపలేదక్కా."

"పొద్దున సావుకారు కార్లో దిగితివి. మేం సూడలేదనుకుంటివా?"

అమరావతి తల దించుకుంది. "ఎక్కమన్నారు, ఎక్కినా. తప్పే. ఒక మాట అడిగి పోతాను. డాక్టరు సూసిన ఎనభై మందిలో జబ్బు ముదిరినోళ్ళు ఉండారా?"

కమరున్నీసా నెమ్మదిగా అంది. "లాల్ బీ ఆపా తంబళ్లపల్లెలో ఉండాది. దగ్గినోళ్ళను సావుకారు తోలేస్తాడు. మిగిలినోళ్ళను సూపించి, అందరూ బాగుండారంటాడు."

"అదే అక్కా. ఈ పనికి చేరినోళ్ళు మొత్తం ఎంతమంది, వాళ్ళలో ఆయాసం వచ్చినోళ్ళు ఎంతమంది, అట్ల సూడాల. ఈ తొట్లు ముట్టని ఆడోళ్ళను మీ వీధుల్లోనే సూడాల. అప్పుడు గదా రోగం వీధిదో షెడ్డుదో తెలిసేది. పోయినోళ్ళ పేర్లు చెప్పండి, నేను కనుక్కుంటా."

"పేర్లా!" కొండప్ప లేచి నిలబడ్డాడు. "నీకు చెప్తే రేపు సావుకారు చెవిలో ఉంటాయి."

"వాళ్ళ బిడ్డలు ఈడే పని చేస్తాండారు. వాళ్ళనీ తోలేస్తాడు" అంది ఈశ్వరమ్మ.

చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి కమరున్నీసా చెప్పింది. "పేర్లు చెప్పం. మనుషుల్నే తెస్తాం. నువ్వు మా దిక్కు దానివైతే డాక్టర్ని మళ్ళీ రప్పించు."

సెలవు రోజుల్లో కూలీలు ఊళ్ళు తిరిగారు. కలికిరి, కురబలకోట, తంబళ్లపల్లె. లాల్ బీ తలుపు తీయలేదు. "నేను నోరు తెరిసినానేమో సూసి రమ్మని సావుకారు పంపినాడా?" అంది లోపలి నుంచే. కమరున్నీసా గడప మీద కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకోకుండా దగ్గింది. ఆ దగ్గు విని లాల్ బీ గడియ తీసింది.

కురబలకోటలో మునస్వామి భార్య అప్పటికే పోయింది. "సచ్చిపోయినోళ్ళు లెక్కలోకి వస్తారా అమ్మా?" అని అడిగాడతను.

"ముందు వాళ్ళే రావాలప్పా" అంది కమరున్నీసా.

పుంగనూరు వీధుల్లో అమరావతి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను చూసింది. ఏ ఇంటికి పోయినా కమరున్నీసా వెనకే ఉంది, కాపలా కాసినట్టు.

అమరావతి వెంటపడి అడిగితే డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఆయన కంటే ముందే పోలీసు వ్యాను వచ్చింది. ఎవరో సావుకారుకు చెప్పారు. ఎవరో ఈనాటికీ తెలియదు. గేటు బయట, షెడ్డు నుంచి తోలేసినవాళ్ళు ఎగశ్వాసతో కూలబడి ఉన్నారు. చనిపోయినవాళ్ళ తరఫున వాళ్ళ మనుషులు వచ్చారు.

సావుకారు గొంతు పెంచాడు. "వీళ్ళు నా కూలోళ్ళు గాదు సార్. దోవన పోయేటోళ్ళు!"

ఆ మాట షెడ్డు లోపలికి వినబడింది. కమరున్నీసా నీళ్ళలోంచి చేతులు తీసింది. తర్వాత ఈశ్వరమ్మ. తర్వాత అందరూ. మేస్త్రీని నెట్టుకుంటూ గేటు దగ్గరికి వచ్చి, కమ్మీల సందుల్లోంచి చేతులు బయటికి చాచారు. నాని తెల్లబారి, చర్మం ఊడిన వేళ్ళు.

"మా సేతులు సూడు సారూ. వాళ్ళ సేతులు సూడు. ఇవి దోవన పోయేటోళ్ళ సేతులా?" అంది కమరున్నీసా.

బయట లాల్ బీ చేతులెత్తింది. పక్కవాళ్ళూ ఎత్తారు. తెలుపు పోయినా, తోలు లేచి మచ్చలు కట్టిన అవే వేళ్ళు.

డాక్టరు సావుకారు వైపు చూశాడు, పోలీసుల వైపు చూశాడు. తర్వాత రోడ్డు మీదే కూర్చుని గొట్టం చెవులకు పెట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా చూసి, అమరావతి రాసుకున్న లెక్కతో కలుపుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పండి సార్" అంది అమరావతి. ఆయన చెప్పలేదు. ఆమే అరిచింది. "వీధుల్లో వందకు అయిదుగురికి ఆయాసం! ఈ షెడ్డులో చేరినోళ్ళలో వందకు నలభై మందికి!"

గుంపు హోరెత్తింది. గుంపు కూడగట్టారని ఇన్‌స్పెక్టరు కమరున్నీసానూ అమరావతినీ వ్యానులోకి తోయించాడు.

"నామీద ఇంకా అనుమానమేనా అక్కా?" అని అడిగింది అమరావతి.

"ఉంటాది. రేప్పొద్దున నువ్వు డాక్టరువైనా ఉంటాది. నన్నూ ఒక కంట సూస్తానే ఉండు" అంటూ కమరున్నీసా జరిగి చోటిచ్చింది.

మరునాడు కొండప్ప బాయిలర్ ముట్టించలేదు. ఆడవాళ్ళంతా పోలీసు స్టేషను ముందు బైఠాయించారు. కుప్పం బస్సులోంచి ఎవరూ ఎరగని ఆడవాళ్ళు దిగి, ఒక ముసలావిడను చేతుల మీద మోసుకుంటూ వచ్చారు.

"మా షెడ్డోళ్ళను గూడా లెక్కబెట్టాల. యాడ కూర్చోమంటారు?"