అటూ ఇటూ కాని డాక్టరేట్

ఆ లెక్చరర్ ఉద్యోగం సుచిత్రకు వచ్చితీరుతుందని అల్మాస్‌గూడలో వాళ్ల వీధంతా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? పోచంపల్లి నేతవాళ్ల బిడ్డ, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివింది. నూలుకు ఎక్కడెక్కడ ముడికట్టి రంగులో ముంచితే, నేశాక చీర మీద ఏ పువ్వు తేలుతుందో లెక్కగట్టి డాక్టరేట్ తెచ్చుకుంది. అటు మ్యాథ్స్, ఇటు టెక్స్‌టైల్స్. రెండూ కలిపి చదవమని వెంటపడి చేర్పించింది యూనివర్సిటీలో ఆమె గైడు గంగాధరరావు సారే. యూనివర్సిటీ వాళ్లయితే ఆమె ఫొటోతో ఎల్బీనగర్‌లో ఇంత ఫ్లెక్సీ కట్టారు. ఇప్పుడు అదే యూనివర్సిటీలో ఆ కలగలుపు కోర్సు చెప్పడానికే పోస్టు పడింది. ఇంకెవరికిస్తారు?

ఇచ్చారు. నాగార్జున అనే అతనికి, ఒట్టి మ్యాథ్స్ చదివినవాడికి.

ఏం జరిగిందో గంగాధరరావు సారే ఫోన్‌లో చెప్పారు. ఇంటర్వ్యూలో ఇద్దరు నిపుణులు కూర్చున్నారు, ఒకాయన మ్యాథ్స్, ఇంకొకాయన టెక్స్‌టైల్స్. ఈ అమ్మాయి టెక్స్‌టైల్స్ మనిషి, మార్కులు ఆయనే వేస్తాడులే అని మ్యాథ్స్ ఆయన మర్యాదకు ఊరుకున్నాడట. ఈమె మ్యాథ్స్ మనిషి కదా అని టెక్స్‌టైల్స్ ఆయనదీ అదే మర్యాద. ఇద్దరూ ఆమెను తెగ మెచ్చుకున్నారట, టీ తాగారట, వెళ్లిపోయారట. మార్కులు మాత్రం ఎవరూ వేయలేదు. మండిపోనూ, ఏం మర్యాద!

"మీరు గూడ ఆడనే ఉన్నరు గద సార్?" అని అడిగింది సుచిత్ర.

"నేను చూసేసరికే సంతకాలైపోయాయమ్మా. పెద్దవాళ్లు, మళ్లీ వెనక్కి పిలిస్తే బాగోదు కదా," అన్నారాయన. ఆ వెంటనే అసలు పని బయటపెట్టారు. నాగార్జునకు మగ్గం గురించి ఓనమాలు కూడా తెలియవట. వారానికోసారి వచ్చి కాస్త నేర్పిపెట్టాలట.

సుచిత్రకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ సారు సారు అని తిరిగిన నోటికి తిట్టు మాత్రం రాలేదు, అదీ ఆమె ఖర్మ. "ఆయననే నేర్చుకొమ్మనుండ్రి సార్," అని ఫోన్ పెట్టేసింది. తండ్రి రామస్వామి ఏమైందని అడిగితే, మార్కులు తక్కువొచ్చాయంది. అసలు వేయనేలేదని చెప్పడానికి సిగ్గేసింది.

వారం తిరక్కుండానే దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ మెట్లెక్కింది. ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్పేవాళ్లు కావాలన్నారు. రెండు సబ్జెక్టులు కలిపి చదివినవాళ్లంటే తల్లిదండ్రులు ఒప్పుకోరని, తనకు ఆ పరేషాన్ వద్దని యజమాని ముందే తేల్చేశాడు. ఆ తర్వాతే, ఏం చదివారు మేడమ్ అని అడిగాడు.

డాక్టరేట్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎమ్మెస్సీ మ్యాథ్స్ సార్. అంతే, ఇంకేం చదవలే."