ఎర్రదీపం దాటిన బొమ్మరైలు

పెన్న వంతెన అట్టముక్కలతో చేసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు, కింద నీళ్ళు కూడా ఉన్నాయి, అద్దానికి నీలం రంగు పూసినట్టున్నారు, ఇసుక మాత్రం నిజం ఇసుకే, మీ జువ్వలదిన్నె తీరం నుంచే తెచ్చినానమ్మా అంటున్నారు జడ్సన్ గారు, నెల్లూరులో ఈ బడి హాలంతా బల్లలేసి బొమ్మరైళ్ళు పరిచారు, ఆదివారం, జనం, ఉక్క, పొద్దున్నే బిట్రగుంటలో బస్సెక్కి వచ్చాం నేనూ మా ఆయన మాల్యాద్రీ, నిజం రైళ్ళు నడిపే డ్రైవరు బొమ్మరైళ్ళు చూడ్డానికి పోవడమేమిటని దారంతా నవ్వాను, ఆయన నవ్వలేదు, జడ్సన్ గారు రిటైరైన డ్రైవరు, ఈయనకు పని నేర్పిన మనిషి, పిలిస్తే రాకుండా ఎట్లా.

మా శిష్యుడు నడుపుతాడు చూడండి అని మీట ఉన్న చిన్న పెట్టె ఆయన చేతిలో పెట్టారు జడ్సన్ గారు, జనం మూగారు, ఆరు పెట్టెల రైలు కదిలింది, తాటిచెట్లు, గేటు, గేటు దగ్గర బియ్యపుగింజంత మనుషులు, వంతెనకు ముందు సిగ్నలు, ఎర్రగా, ఇక్కడ నిలబడ్డ నాకే అంత ఎర్రగా కనబడుతోంది, ఆయన దానివంకే చూస్తున్నాడు, కన్నార్పడం లేదు, ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు, రైలు ఆ దీపం దాటి వంతెనెక్కి ఎదురుగా ఆగివున్న గూడ్సును గుద్దింది, టక్కుమని చిన్న చప్పుడు, రెండు పెట్టెలు నీలం అద్దం మీద బోర్లాపడ్డాయి, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, జడ్సన్ గారు మాత్రం పడిన పెట్టెలు తీస్తూ, ఏ దీపం చూసినావురా అని మెల్లగా అడిగారు, పచ్చదే గద సార్ అన్నాడు ఆయన.

మంచినీళ్ళ కుళాయి దగ్గర జడ్సన్ గారు నన్ను ఆపారు, అమ్మా గంగాభవానీ, నువ్వు వాడితో మాట్లాడతావా, నన్ను ఆఫీసుకు చెప్పమంటావా అన్నారు, మాత్రలు, ఆ క్షయ మాత్రలు, నిరుడు దగ్గు తగ్గకపోతే దొంగచాటుగా బైట డాక్టరుకు చూపించుకున్నాడు, రైల్వే ఆస్పత్రిలో తెలిస్తే బండి మీంచి దించేస్తారని భయం, కొందరికి ఈ మందు కళ్ళ మీద పనిచేస్తుంది, రంగులు తేడాగా కనబడితే ఆ రోజే రండి అని డాక్టరు చెప్పాడు, ఇద్దరం విన్నాం, నాలుగు నెలల కిందట దీపావళికి ఎర్రచీర అని తెచ్చిచ్చాడు, అది మట్టిరంగు, టమాటాలు చేతిలో పెట్టుకుని పండినాయా అని నన్నడిగేవాడు, నేను నవ్వేదాన్ని, మగవాళ్ళకేం తెలుస్తుందని నవ్వేదాన్ని.

కొడవలూరు దాటింది బస్సు, ఎండ ఇంకా మొహం మీదే, పక్కన వరిచేల మధ్య పట్టాలు మెరుస్తున్నాయి, రేపు ఆరింటికి ఆయన బండెక్కాలి, పద్దెనిమిది పెట్టెలు, పిల్లలకు అన్నం కలిపి పెట్టే తల్లులు, కిటికీకి తలానించి నిద్రపోయే ముసలివాళ్ళు, ఇన్నాళ్ళూ ఎట్లా నడిపినారు అని అడిగాను, అసిస్టెంటు సిగ్నలు చూసి రంగు గట్టిగా చెబుతాడు, నేనూ చెప్పాల గద, వాడు చెప్పిందే చెబుతుండా అన్నాడు బైటికి చూస్తూ, వాడికి తుమ్మొస్తే, వాడి కంట్లో నలక పడితే, వాడు ఒక్కసారి పొరబడితే, ఈయన ఆ పొరబాటునే గట్టిగా చెప్పి ముందుకు పోతాడు, నాలుగు నెలలుగా నేను టిఫిన్ డబ్బా కట్టి పంపుతున్నాను, చెయ్యూపి పంపుతున్నాను.

రేపు మీరు బండెక్కొద్దు, నేనే ఆఫీసుకు చెబుతా అన్నాను, తిడతాడనుకున్నాను, ఆ బండి లేకపోతే నేనేంది అంటాడనుకున్నాను, ఆయన జేబులోంచి ఫోను తీశాడు, డ్యూటీలు వేసే ఆఫీసు నంబరు నొక్కి నా ఒళ్ళో పెట్టాడు, నువ్వే చెప్పు గంగా, నాకు నోరు రావడంలా అన్నాడు, అవతల మోగుతోంది, ఆయన కళ్ళు మూసుకుని సీటుకు చేరగిలబడ్డాడు, ఎన్నాళ్ళయిందో ఈ మొహం ఇట్లా వదులుగా చూసి, ఎవరో హలో అంటున్నారు, హలో అంటున్నారు, నాకప్పుడు తెలిసింది, ఈ నాలుగు నెలలూ ఈయన ఎవరైనా తనను ఆపుతారేమోనని ఎదురుచూస్తూనే బండి నడిపాడు.