కొండ పట్టిన పావియా

కోపెన్‌హాగన్ నుంచి సినిమావాళ్ళు ఆ మంచుసీమ రేవులో ఓడ దిగిన వేసవిలో, చేపలకు ఉప్పు పట్టించే షెడ్డులోని ఆడవాళ్ళందరినీ చూసి డైరెక్టరు హోల్గర్ థబీతను ఎంచుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ మనిషి, నవ్వు తక్కువ. అదే ఆయనకు నచ్చింది. కథలో ఒక జాలరి నలుగురిలో తలవంపులై కొండల్లోకి వెళ్ళిపోతాడు, ప్రియురాలు వెతికి తెచ్చుకుంటుంది. ఆ సంగతి ఊరి భాషలోకి మార్చి ఆమెకు చెప్తున్నంతసేపూ బడిపంతులు ఎఫ్రాయిమ్ నేల చూపులే చూశాడు.

ఎందుకో ఊరందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట, థబీతతో పెళ్ళి కుదిరిన పావియా దుకాణంవాళ్ళ కొత్త మోటారు పడవను రాతికి కొట్టి ముంచేశాడు. దుకాణం డేనిష్ మేనేజరు అందరి ముందూ, "నీకు పడవెందుకోయ్, తొట్టెలో నీళ్ళు పోసిస్తా, ఆడుకో," అన్నాడు. అందరూ నవ్వారు. థబీత పెదవీ కదిలింది. పావియా అది చూశాడు. మర్నాడు తుపాకీ భుజాన వేసుకుని కొండ పట్టాడు. అలా మనుషుల్ని వదిలి కొండల్లోకి పోయినవాడు ఇక మనిషి కాడని, దయ్యమని, పేరెత్తితే ఇంటి మీదికి వస్తాడని ఊరికి భయం. ఎవరూ వెతకలేదు. ఆమె కూడా వెళ్ళలేదు.

షూటింగులో ఆమె వాలు ఎక్కుతూ హీరోని "మాథియాస్" అని పిలవాలి. మొదటిసారి సరిగ్గానే పిలిచింది. రెండోసారి నోట పావియా పేరు వచ్చింది. చూస్తున్న జనం వెనక్కి జరిగారు. ఒకావిడ బిడ్డను చంకనేసుకుని ఇంటికి పోయింది. హోల్గర్‌కు ఏమీ తెలియలేదు. గొంతు అద్భుతంగా ఉంది, పేరొక్కటి మార్చమన్నాడు.

ఆదివారం షూటింగు లేదు. థబీత రొట్టె మూట కట్టుకుని అదే వాలు ఎక్కి ఆగకుండా నడిచింది. పూటైనా నడవకముందే, చిన్న చెరువు ఒడ్డున, రాళ్ళు పేర్చి గడ్డిపెళ్ళలు కప్పిన గూడు కనబడింది. లోపల రెయిన్‌డీర్ తోలు కింద ఎముకలున్నాయి. పక్కన అతని తుపాకీ. గుమ్మం దగ్గర పక్షి ఈకలు, చేప ముళ్ళు మోకాలెత్తు కుప్పగా ఉన్నాయి. ఆమె వంగి ఆ కుప్పను అడుగు దాకా చేత్తో కెలికింది. అంత కుప్ప ఒక నెలలో పడేది కాదు.

సాయంత్రం ఆమె పావియా తండ్రి ఈనోస్ ఇంటికి వెళ్ళింది. ముసలాయన తాడుకు గాలం కడుతున్నాడు.

"దొరికాడు మామా. చెరువు పక్కన."

ఆయన చేతులు ఆగలేదు. "ఎన్నాళ్ళు బతికాడు?"

అబద్ధం చెప్దామని దారంతా అనుకుంది. నోరు రాలేదు. "రెండు చలికాలాలు ఉంటాయి."

ఈనోస్ గాలం పక్కన పెట్టాడు. "మొదటేడు పొగ కనపడింది నాకు. సీలు వేటకని మంచు మీద కూర్చుంటే అటుపక్క సన్నగా లేచేది. మంచు పొగేలే అనుకున్నా. అది కాదని తెలుసు. భయమేసిందమ్మా, నా కొడుకంటే నాకే భయమేసింది."

"నేను నవ్వాను మామా ఆ రోజు."

"తెలుసు," అన్నాడాయన. "నేనూ నవ్వాను."

ఎముకలను చర్చి శ్మశానంలోకి రానిచ్చేది లేదన్నారు ఊరివాళ్ళు. ఎఫ్రాయిమ్ కొండ మొదలు దాకా వచ్చి ప్రార్థన చదివి వెనుదిరిగాడు. మిగతా దూరం థబీత, ఈనోస్ ఇద్దరే వెళ్ళి, ఎముకల మీద సమాధిగా రాళ్ళు పేర్చారు. ముసలాయన రాయి రాయికీ ఆగి ఊపిరి తీసుకునేవాడు. పేర్చడం పూర్తయ్యేసరికి ఆమె గోళ్ళు చితికాయి.

ఇక ఒక్క సీనే మిగిలింది. తిరిగొచ్చిన హీరోని ఊరి మధ్యలో ప్రియురాలు కావలించుకోవాలి. థబీత రానంది. హోల్గర్ బతిమాలాడు, కోప్పడ్డాడు, ఓడ వచ్చే రోజు దగ్గరపడిందని ఎఫ్రాయిమ్‌తో చెప్పించాడు. చివరకు ఆమె కోటు వేరే అమ్మాయికి తొడిగి వెనక నుంచి ఆ సీను తీశారు. ఊరంతా వెళ్ళి చూసింది. షెడ్డులో థబీత ఒక్కతే చితికిన వేళ్ళకు గుడ్డ చుట్టుకుని, మండుతున్నా ఆపకుండా చేపలకు ఉప్పు పట్టించింది.