బెండు కట్టిన కళ్ళజోడు

ఆ రేవులో లాంచీ నడిపే ఆమెని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ సరంగమ్మా అని గౌరవంగానే పిలిచేవాళ్ళు. కాస్త పక్కకి వెళ్ళాక మాత్రం సోడాబుడ్డి అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసినా ఏమీ అనుకునేది కాదు. సోడాసీసా అడుగంత మందం అద్దాలు ముక్కు మీద పెట్టుకుని తిరిగే మనిషిని జనం చిలకా అంటారా, హంసా అంటారా?

ఆ అద్దాలు ఉన్నంతసేపూ ఆమె చూపుకి తిరుగులేదు. అవతలి ఒడ్డున ఎవరు గొడుగు విప్పారో ఇవతలి నుంచే చెప్పేది. అద్దాలు తీస్తే మాత్రం ఎదురుగా నిలబడ్డది మొగుడో గుంజో తేలదు. ఆయనా అదే చెప్పి నవ్వేవాడు. "పెళ్ళిచూపుల్లో సిగ్గుపడి కళ్ళజోడు తీసేసింది. అందుకే నేను నచ్చాను" అని.

లాంచీలో ఆమెకి తోడు సొంత ఆడపడుచే, ఆయన చెల్లెలు. తాడు విసరడం, కట్టడం, టికెట్లు చింపడం, జనాన్ని సర్ది కూర్చోబెట్టడం ఆమె పని. అందరూ ఆమెని గంట అనేవాళ్ళు. లాంచీ బయల్దేరేముందు గంట కొట్టేది తనే కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె చెప్పుకునేది. అసలు కారణం ఆమె నోరు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు అన్నారు గానీ, ఈమె ఒకటిన్నర మొగుడని సరంగమ్మ అనేది. అలా అనడంలో సగం వేళాకోళం, సగం ఒళ్ళుమంట. పొద్దున తాడు విప్పిన దగ్గర్నుంచి సాయంత్రం కట్టేదాకా ఆ మాటల హోరు ఇంజను హోరుతో పోటీపడేది.

ఇద్దరికీ ముఖ్యంగా కళ్ళజోడు దగ్గరే పడేది కాదు. సరంగమ్మ కళ్ళజోళ్ళు ఏటి పాలవడం కొత్త కాదు. లాంచీ కింద ఫ్యానుకి చుట్టుకున్న నాచు తీద్దామని వంగితే ఒకటి పోయింది. ఇంకొకటి తుమ్మితే పోయింది. పోయిన ప్రతిసారీ గంటకి పండగే.

"ఏట్లో చేపలన్నిటికీ చూపు బాగుపడింది వదినా. అందుకే జాలరోళ్ళ వలలో ఒక్కటీ పడట్లేదు" అనేది. ఆ తర్వాత గొంతు మార్చి, "ఓ తాడు కట్టుకోవచ్చు కదా. గేదెకి పలుపు ఉంటుంది. బకెట్టుకి చేంతాడు ఉంటుంది. నీ కళ్ళకే ఏ ఆధారమూ లేదు" అనేది.

"నీ పని నువ్వు చూసుకో" అనేది సరంగమ్మ.

తాడంటే ఆమెకి ఎందుకు పడదో గంటకి తెలీదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక నల్ల బూటు లేసు తెచ్చి, కళ్ళజోడు రెండు చేతులకీ కట్టి, తల వెనక ముడేసి బడికి పంపేది. బడిలో ఆ లేసు పట్టుకుని వెనక్కి లాగని పిల్ల లేదు. లాగి, గుర్రాన్ని ఆపినట్టు నోటితో శబ్దం చేసేవాళ్ళు. ఆమె ఏడిస్తే కన్నీళ్ళకి అద్దాలు మసకబారేవి, అది చూసి ఇంకా నవ్వేవాళ్ళు. పెద్దయి ఉద్యోగంలో చేరిన రోజే ఆ లేసు పీకి పారేసింది. నలభై దాటిన మనిషి ఇంకా బడిపిల్లలకి జడుస్తోందంటే ఎవరైనా నమ్ముతారా? అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు పైన వానలు గట్టిగా కురిశాయి. ఏరు ఎర్రబడింది. కొమ్మలు, దుంగలు, ఎవరివో చెక్క తలుపులు కొట్టుకొస్తున్నాయి. అయినా ప్రమాదపు గీత దాటలేదు కాబట్టి లాంచీ తిరుగుతోంది. ఆ ఉదయం అవతలి ఒడ్డున ఉన్న నూలుమిల్లుకి వెళ్ళేవాళ్ళతో లాంచీ నిండిపోయింది.

ఏటి నడుమకి వచ్చాక ఒక మాను కనబడింది. వేళ్ళతో సహా ఊడిన పెద్ద మాను. సగం మునిగి, తీరిగ్గా దొర్లుకుంటూ వస్తోంది. సరంగమ్మ చక్రం తిప్పి దాన్ని తప్పించింది. వేళ్ళు ఎక్కడ ఫ్యానుకి తగులుతాయోనని ఇంజనుని న్యూట్రల్‌లో పెట్టి, చక్రం గది కిటికీలోంచి తల బయటికి పెట్టి కిందికి చూసింది. సరిగ్గా అప్పుడే మాను ఒకసారి పొర్లి లాంచీ పక్కకి తగిలింది. లాంచీ కుదుపుకి ఆమె గడ్డం కిటికీ చట్రానికి కొట్టుకుంది. చెయ్యి ముఖం మీదికి పోయింది. ముక్కు మీద ఏమీ లేదు.

ఎదురుగా ఎర్రటి మసక, పైన తెల్లటి మసక. ఇంకో జత ఇంట్లో ఉంది, అదీ ఒక చెయ్యి విరిగి. లాంచీ వాలుకి కొట్టుకుపోతోంది. దిగువన పాత వంతెన తాలూకు రాతి స్తంభాలు ఉన్నాయి. వంతెన ఎప్పుడో కూలింది గానీ స్తంభాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి.

"గంటా, ఇటు రా. పరిగెత్తకు, మామూలుగా రా" అంది.

గంట వచ్చింది. వదిన ముఖం చూసింది. కళ్ళజోడు లేదు. వెంటనే పక్కన నిలబడి కిటికీలోంచి ముందుకి చూసింది.

"మాను పోయిందా?"

"పోయింది. మనకంటే ముందుకెళ్ళిపోయింది."

"స్తంభాలు?"

"దగ్గరకొచ్చేశాం వదినా."

సరంగమ్మ ఇంజనుని మళ్ళీ గేరులో పెట్టింది. ఆ వాలులో ఇప్పుడు ఎదురెక్కాలంటే లాంచీ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే స్తంభానికి కొట్టుకోవడం ఖాయం. "సందులోంచి పోదాం. ఏ సందు వెడల్పుగా ఉంది?" అని అడిగింది.

"కుడి... కాదు, ఎడమ... నా కుడా, నీ కుడా?" అని తడబడింది గంట. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారన్న సంగతి కూడా ఆ క్షణంలో ఆమెకి తోచలేదు.

ఆ చిన్న గదిలో ఒక పక్క మేకుకి టీ ఫ్లాస్కు వేలాడుతోంది. ఇంకో పక్క పాత క్యాలెండరు ఉంది. "కుడి ఎడమలు వదిలెయ్. ఫ్లాస్కు వైపా, క్యాలెండరు వైపా?" అంది సరంగమ్మ.

"ఫ్లాస్కు."

"ఎంత?"

"ఇంకొంచెం ఫ్లాస్కు. చాలు. అలాగే ఉంచు. క్యాలెండరుకి రవ్వంత. చాలు."

అంత పొదుపుగా మాట్లాడగలదని గంట గురించి ఎవరూ అనుకుని ఉండరు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. సరంగమ్మ చక్రం పట్టులో నీటి బరువు తెలుసుకుంటూ, ఆ గొంతు చెప్పినట్టల్లా తిప్పింది. ఫ్లాస్కు పక్కన ఒక పెద్ద నల్లటి మసక వచ్చింది. చల్లటి గాలి తగిలింది. స్తంభానికి కొట్టుకుంటున్న నీళ్ళ చప్పుడు చెవిలోనే వినబడింది. తర్వాత ఆ చప్పుడు వెనక్కి పోయింది.

"దాటేశాం" అంది గంట.

దిగువన ఇసుక ఎత్తే రేవు దగ్గర నీరు నెమ్మదిగా ఉంటుంది. గంట చెబుతుంటే సరంగమ్మ లాంచీని అక్కడికి చేర్చింది. గంట దూకి తాడు కట్టింది. మిల్లువాళ్ళు ఆలస్యమైందని, ఇక్కడెందుకు దింపారని సణుగుతున్నారు. సరంగమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. కళ్ళజోడు నీళ్ళలో పడిపోయిందనీ, తనకి ఏమీ కనబడలేదనీ, ఈ అమ్మాయి కళ్ళతోనే లాంచీ గట్టుకి చేరిందనీ చెప్పింది. సణుగుడు ఆగిపోయింది. అందరూ ఒకసారి వెనక్కి తిరిగి స్తంభాల వైపు చూశారు. ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి గంట బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

అప్పుడు కూలబడింది గంట. గట్టు మీద ఇసుకలో కూర్చుని ఏడ్చింది, నవ్వింది, జరిగిందంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది, పక్కనే ఉన్న వదినకే. ఆ మాటల హోరు సరంగమ్మకి ఆ రోజు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. ఇంకాసేపు మాట్లాడితే బాగుండుననిపించింది.

రేవు అధికారికి కబురు వెళ్ళింది. కొత్త కళ్ళజోడు వచ్చేదాకా వేరే సరంగు లాంచీ నడుపుతాడనీ, నిజం దాచనందుకు సంతోషమనీ ఆయన అన్నాడు. గంట వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది. "ఇక్కడ మెట్టు. ఇక్కడ బురద. ఇక్కడ నీకు పడని ఆ కూరగాయలామె ఉంది, నవ్వకు" అని దారంతా చెబుతూనే ఉంది.

మర్నాడు పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర బుడుంగు బుడుంగుమని శబ్దం వస్తుంటే సరంగమ్మ విరిగిన కళ్ళజోడు కళ్ళ దగ్గర చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది. తొట్టి పక్కన గంట, రేవులో వలలు బాగుచేసే తాత కూర్చుని ఉన్నారు. సరంగమ్మ ఎప్పుడో వాడి, ఇప్పుడు చూపుకి చాలని పాత కళ్ళజోడు ఒకటి తీసి, దాని చేతులకి వల అల్లే సన్నతాడు కట్టారు. వల తేలడానికి కట్టే బెండు ముక్క ఒకటి ఆ తాడుకి గుచ్చారు. వదిలారు. మునిగిపోయింది.

"అద్దాలు కావు ఇవి, ఇటుకలు. ఇంకో బెండు గుచ్చు" అన్నాడు తాత.

ఈసారి సగం మునిగి, తటపటాయించి, అడుగుకి పోయింది. గంట మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది. ఇంకో బెండు గుచ్చింది. తేలింది. గంట దాన్ని వేలితో నీళ్ళలోకి నొక్కింది. మళ్ళీ పైకొచ్చింది, బాతుపిల్లలాగా.

"మెడకి గుచ్చుకోకుండా గుడ్డ చుట్టాలి తాతా. నల్లది వద్దు. నల్లది చూస్తే వదిన ముఖం అదోలా అవుతుంది. ఎందుకో నాకు తెలీదు" అంది గంట.

సరంగమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఈ పిల్ల మాట్లాడటమే గానీ చూడదనుకుంది. వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చుని, బూటు లేసు సంగతి ఇద్దరికీ చెప్పింది. గంట నవ్వలేదు. "లాగినవాళ్ళ పేర్లు గుర్తున్నాయా? ఒక్కొక్కరినీ ఏట్లో ముంచి తీస్తాను" అంది. నవ్వింది సరంగమ్మే.

కొత్త కళ్ళజోడు వచ్చింది. పసుపు గుడ్డ చుట్టిన తాడుతో, మెడ వెనక మూడు బెండ్లతో ఆమె లాంచీ ఎక్కినరోజు లోపల ఒకటే బెరుకు. వెనక్కి ఎవరైనా లాగుతారేమోనని మెడ బిగపట్టుకుంది. ఎవరూ లాగలేదు. మిల్లు కాపలాదారు దగ్గరకొచ్చి ఆ తాడుని వేళ్ళతో తడిమి, "సరంగమ్మా, ఇలాంటిది నాకూ ఒకటి చేయిస్తారా? లాంచీ దిగేటప్పుడల్లా నా ప్రాణం ముక్కు మీదే ఉంటుంది" అన్నాడు. తర్వాత పడవలు బాగుచేసే మేస్త్రీ అడిగాడు. నెల తిరక్కుండా రేవులో సగం మెడలకి బెండ్లే. తాత తనకి చేతినిండా పని దొరికిందని గంటని మహారాణీ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె కాదనలేదు.

సరంగమ్మకి మాత్రం ఒక బాకీ మిగిలిపోయినట్టు ఉండేది. ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞత చెప్పడం మనకి చేతకాదు. ఆ మాట గొంతు దాకా వస్తుంది, సిగ్గుపడి వెనక్కి పోతుంది. కూర వడ్డించేటప్పుడు నాలుగు ముక్కలు ఎక్కువ వేస్తాం, అంతే. ఆమె అలా చాలా ముక్కలు వేసింది. సరిపోలేదు. ఒకరోజు అధికారి దగ్గరికెళ్ళి మాట్లాడి వచ్చి, తాడు చుడుతున్న గంటతో అంది:

"రేపటి నుంచి చక్రం పట్టుకోవడం నేర్చుకో. సరంగు పరీక్షకి నీ పేరు రాయించాను."

తాడు చుట్టడం ఆపేసింది గంట. "నేనా వదినా?" అంది.

"ఆ రోజు నడిపింది నువ్వే. నేను చక్రం తిప్పానంతే."

వానలు వెళ్ళి ఏరు తేటపడ్డాక, మధ్యాహ్నం జనం లేని వేళ గంట మొదటిసారి లాంచీ తీసింది. కాసేపు పక్కన నిలబడి చూసింది సరంగమ్మ. లాంచీ కాస్త వంకరగా పోతోంది గానీ పోతోంది. గంట పెదాలు బిగించి ముందుకే చూస్తోంది. సరంగమ్మ ఆ గదిలోంచి బయటికొచ్చి, జనం కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. అక్కడి నుంచి చూస్తే ఏరు వేరుగా ఉంది. గట్టు మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. ఒక కుక్క నీళ్ళ అంచున తన నీడని చూసి మొరుగుతోంది. గాలికి మెడ వెనక బెండ్లు మెల్లగా కదిలాయి. కళ్ళజోడు సర్దుకుని, కాళ్ళు చాపుకుని, ఆమె అవతలి ఒడ్డు వచ్చేదాకా అన్నీ చూస్తూ కూర్చుంది.