మిరపకాయ నీడ

చేప మీద వెలుగు కుదిరింది, కంటి పక్కన చిన్న తెల్లచుక్క, వీపు మీద పల్చటి మెరుపు, వెలుగూ నీడా నాకు తెలుసు, వాటిలో నన్ను తప్పు పట్టేవాడు అనకాపల్లిలో లేడు, లోగోలో ఇక మిగిలింది చేప పక్కన మిరపకాయ, ఒక పక్క మెరుపు పెట్టాను, రెండో పక్క ఎరుపు ముదరాలి, మామూలు ఎరుపుకి కంప్యూటర్లో కొట్టేందుకు మా ఆవిడ పైడితల్లి రాసిపెట్టిన అంకెలున్నాయి, సున్నా, వంద, వంద, సున్నా, ఆ నోటుబుక్కు చూసే ఏడాదిగా బతుకుతున్నాను, ముదురెరుపుకి అంకెలు రాయకుండానే చనిపోయింది, వెనక బల్ల మీద గురువమ్మ, పూడిమడక మనిషి, చేపల పచ్చడి సీసాల మీద అంటించడానికి ఈ బొమ్మ కావాలట, బేగి కానీ బావూ, బస్సెల్లిపోద్ది, అంటోంది, మీ ఇంటిది ఉన్నప్పుడు ఇంతసేపు అయ్యీది కాదు, అంటోంది, నిజమే, అయ్యేది కాదు, ఎరుపూ ఆకుపచ్చా నా కంటికి ఒకటే మట్టిరంగని నేను పైడితల్లికి ఏనాడూ చెప్పలేదు, పెళ్లయిన కొత్తలో పండు టమాటాలు తెమ్మంటే పచ్చివి తెచ్చాను, రెండుసార్లు, మూడో వారం నుంచి సంతకి తనే వెళ్లింది, రంగుడబ్బాలు ఎడమ నుంచి ఒకే వరసలో సర్దింది, ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, రావికమతం బడిలో చిలకకి ఎర్ర రెక్కలు వేస్తే మాస్టారు నా పుస్తకం క్లాసంతా తిప్పి చూపించాడు, ఆయన పోయాడని తెలిసినా చూడ్డానికి వెళ్లలేదు, ఆ నవ్వులకి మొండికేసే పెయింటర్నయ్యాను, ఇప్పుడూ కంటితోనే వెతికి ఒక రంగు పట్టాను, మిరపకాయ నీడలో పోశాను, బాగానే ఉంది,

ఏటి బావూ, మిరపకాయి ఒకేపు కుళ్లిపోయినట్టుంది, పచ్చగా, అని గురువమ్మ నవ్వింది, నా నోరు దానంతటదే తెరుచుకుంది, నాది కాదమ్మా, మా ఆవిడ రాసిన అంకెలే తప్పు, అనేశాను, నోటుబుక్కు ఎత్తి చూపించాను కూడా, రాయని అంకెలకి నింద, చచ్చిపోయినదాని మీద,

అమ్మవారి బొట్టు అప్పుడూ అంతే, వీధి జాతర పందిరికి బోర్డు, పైడితల్లి జ్వరంతో పడుకుంది, లేపడానికి నాకు పౌరుషం, డబ్బాలు నేనే చిందరవందర చేశాను, తెల్లారేసరికి అమ్మవారి నుదుట ఆకుపచ్చ బొట్టు, పెద్దమనిషి బంగారయ్య కేకలు, నేను వేలు పెట్టి మా ఆవిణ్ణి చూపించాను, ఇదే, ఇదే డబ్బాలు మార్చేసింది, ఆమె నా మొహం ఒక్కసారి చూసింది, జ్వరంతోనే చేతులు జోడించింది, నాదే తప్పు బావూ, నేనే మార్చేసేను, కళ్లు నెత్తికెక్కేయేటే, అన్నారు ఆడవాళ్లు, మొగుడి నోటికాడ కూడు తీసేత్తావేటే, అన్నారు, నేను పక్కనే నిలబడి తలూపాను, ఆ తర్వాత ఆమె ఏ జాతరకీ పందిరి దాకా రాలేదు, పులిహోర వండి పక్కింటివాళ్లతో పంపేది, దాని గురించి ఒక్క మాట నన్నడగలేదు, అడిగితే కొట్టేవాణ్ణేమో,

గురువమ్మా, ఆవిడ తప్పేం లేదు, నాకు ఎరుపు కనబడదు, పుట్టుక నుంచీ అంతే, అమ్మవారి బొట్టూ నేనే పాడుచేశాను, అన్నాను, ఆమె నవ్వుతుందని చూశాను, ఓస్, అంతేనా, మా మరిదికీ అంతే బావూ, ఎర్రజెండా ఏదో పచ్చజెండా ఏదో తెల్దు, పడవలో పక్కోడు సెప్తాడు, సేపల ఏటకెల్లట్లేదేటి, సెప్పుకోవాల గానీ, ఆ పచ్చది తీసీ, నాను సూసి సెప్తాను, అంది, అంతే, ఆ మాటకి అంతే ఖరీదు, ఆ రోజు పందిట్లో చెప్పినా బంగారయ్య రెండు తిట్లు తిట్టి బొట్టు దిద్దించుకుని పోయేవాడు, మధ్యాహ్నానికి ఊరు మరిచిపోయేది, నేను దాచుకున్నది ఇంత చిన్నది, దానికి బదులు పైడితల్లిని ఇచ్చేశాను.