సరిపోయిన ఉప్పు

జ్వరం తగ్గాక అత్తకు నాలుక రుచి పోయిందట, ఇక గరిటె కోడలి చేతికేనట అని పక్కింటావిడ వీధంతా చెప్పుకొచ్చింది. అయినా పార్కులో జరిగే తిండి పండగలో, ఏటా లాగే, సూపు గుండిగ దగ్గర అత్తే నిలబడింది. చెంచాడు చప్పరించి, "సరిపోయింది" అని తలాడించింది. కోడలు రుచి చూస్తే ఒట్టి చప్పన. ఇలాగే పోస్తే పక్కింటావిడ మాటే నిజమవుతుంది. అత్త అటు తిరగగానే, ఇంట్లో రోజూ చేసినట్టే, గుప్పెడు ఉప్పు వేసి కలిపేసింది.

మధ్యాహ్నానికి గుండిగ ఖాళీ. పక్కింటావిడే రెండుసార్లు తాగింది.

"ఎంతైనా మీ చేతి రుచే వేరు అత్తయ్యా!" అంది కోడలు.

"చాల్లేవే. రోజూ నువ్వు వేస్తున్నది చూడట్లేదనుకున్నావా? అందుకే ఇవాళ నేనసలు ఉప్పే వెయ్యలేదు."