చప్పుడు లేని పెట్టె

"ఇవాళ కూడా ఇంట్లో కంప్యూటర్ గొంతు తగ్గించకపోతే సోమవారానికి నా మంచం రోడ్డు మీద ఉంటుంది," అంది క్వంబోకా పైకే. ఆ తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్ మీట నొక్కింది.

లుథూలి వీధిలో మూడో అంతస్తు బాల్కనీ చివర ఆమె చోటు. ఎక్కడెక్కడి దేశాల ఆఫీసుల్లో వాడి వదిలేసిన కంప్యూటర్లు ఓడ దిగి, లారీ ఎక్కి, మెట్ల మీదుగా మనుషుల వీపుల మీద వచ్చి ముందు ఆమె దగ్గరే ఆగుతాయి. పక్క రేకు విప్పి గాలి కొడితే లోపలినుంచి బూడిదరంగు పీచు ముద్దలుగా లేస్తుంది. తెల్లవాళ్ళ వెంట్రుకలు, బిస్కెట్ పొడి, ఒకసారి ఎండిపోయిన తేనెటీగ. గాలి కొట్టాక బ్రష్షు, బ్రష్షు తర్వాత స్పిరిట్ గుడ్డ. చివర్న చూపుడువేలి కొసను ఫ్యాను నడిమధ్య ఆనించి మెల్లగా తిప్పుతుంది. లోపల ఇసుకరేణువంత గరుకున్నా ఆ వేలికి తెలిసిపోతుంది. పద్నాలుగేళ్ళుగా అదే పని. ఇన్ని వేల కంప్యూటర్లు తుడిచిన మనిషికి సొంతానికి ఒకటి కొనాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది.

అవసరం కూతురిది. కెరూబోకు పందొమ్మిదేళ్ళు. పగలు కుట్టుపని నేర్చుకుంటుంది, సాయంత్రాలు కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఆట అంటే సరదా ఆట కాదు, పోటీలు. రెండుసార్లు గెలిచింది కూడా. మొదట్లో ఊళ్ళోని గేమింగ్ సెంటర్లో ఆడి ఎనిమిదింటికి మతాతు వ్యానులో జనం మధ్య ఇరుక్కుని వచ్చేది. ఆ ఎనిమిదయ్యే లోపల క్వంబోకా మనసులో పిల్ల ఎన్నిసార్లు చచ్చిపోయేదో లెక్కలేదు. మతాతు బోల్తా పడేది, ఎవడో సంచి లాక్కుని తోసేసేవాడు, నీళ్ళు నిండిన గుంటలో కరెంటు తీగ తెగి పడేది. అందుకే షాపులో తుక్కు కింద పడేసిన పెట్టె ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టింది. కుట్టుపని లేని రోజుల్లో పిల్ల పగలంతా ఆడేది, పెట్టె పిండిమరలా మోగిందట. మోగిందని ఆమెకు పక్కవాళ్ళు చెబితేనే తెలిసింది.

పక్కవాడు మకోఖా. గోదాముకు రాత్రి కాపలా. పొద్దున ఏడింటికొచ్చి సాయంత్రం నాలుగు దాకా పడుకునే మనిషి. రెండు గదులకూ మధ్య ఉన్నది రేకు గోడే. ఆ లోగిలిలో పన్నెండు గదులున్నాయి. అక్కడొక పద్ధతి ఉంది. గొడవ వద్దనుకున్నవాళ్ళు గోడ తడతారు, గొడవ కావాలనుకున్నవాళ్ళు తలుపు దగ్గరికొస్తారు. మకోఖా ఎప్పుడూ గోడే తట్టేవాడు, కాపలా కర్ర బుడిపెతో. కానీ పోయిన ఆదివారం లోగిలి ఓనరమ్మ గథోని అందరినీ పంపు దగ్గర నిలబెట్టింది.

"కెరూబో అమ్మా, నీ ఇంట్లో హెలికాప్టర్ దించావంటగా! ఈ ముసలాయన నిద్ర లేక డ్యూటీలో తూలుతున్నాడు. శనివారం లోపల దాని నోరన్నా మూయించు, నువ్వన్నా గది ఖాళీ చెయ్యి."

అందరూ నవ్వారు. నవ్వుల్లో సగం ఆమెకు వినపడలేదు, నోళ్ళు తెరుచుకోవడం మాత్రం కనపడింది. చెంపలు మండుతుండగా, "శనివారానికి చీమ చప్పుడు కూడా ఉండదు, చూడండి," అనేసింది. మకోఖా మీసం కింద ఏదో అన్నాడు. ఆ మీసం పెదవుల్ని పూర్తిగా కప్పేస్తుంది. ఏమన్నాడో తెలియక ఆమె తల ఊపింది.

బ్లోయర్ ఆమె చెవుల్ని తినేసింది. కుడిచెవి ముందు పోయింది. ఎడమదానికి దగ్గరగా వచ్చి గట్టిగా అంటే అందుతుంది, లేదంటే పెదవులే ఆధారం. ఇలా అయి మూడేళ్ళు. తెలిస్తే షాపులో ఉంచరు, చెవిటిదాన్ని ఎవరుంచుతారు? ఆఖరి పరీక్ష చెవితోనే కదా, పెట్టె ఆన్ చేయగానే బాగుందని కూత ఒకటొచ్చిందా, పాడైందని మూడొచ్చాయా అని. షాపులో రిపేర్లు చేసే బరాసా ముఖం చూసి ఆమె ఆ కూతలు లెక్కపెట్టేస్తుంది. ఇంట్లో కెరూబో ఎప్పటినుంచో తల్లికి ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడుతుంది. ఎందుకలా నిలబడుతుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పన్నెండుకు పని ఆపి బరాసా బల్ల దగ్గరికి వెళ్ళింది. అతను ఆమెకన్నా పదేళ్ళు చిన్న.

"అక్కా, మొత్తానికి కొనేస్తున్నావా? పిల్లకి పెళ్ళి చేస్తావనుకుంటే గ్రాఫిక్స్ కార్డు కొంటున్నావ్!"

"నీ పెళ్ళికి నేనే పెద్దనౌతాలే, ముందు పెట్టె చూపించు."

అతను సన్నటి చిన్న పెట్టె ముందుకు తోశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇరుకు పెట్టెలో చిన్న ఫ్యానులుంటాయి, అవి గాలి చాలక ఈలలేస్తూ తిరుగుతాయి. గోడ వారన ఉన్న పొడుగు పెట్టె లాగింది. మూలన సొట్ట ఉంది కాబట్టి ధర తక్కువ. తర్వాత కార్డు. బరాసా రెండు ఫ్యానుల కార్డు చూపించి మెచ్చుకున్నాడు.

"ఇదైతే పులి అక్కా."

"పులికి తిండెవరు పెడతారు? దీనికి విడిగా కరెంటు తీగ కావాలి, దానికి ఇంకో పవర్ సప్లై కొనాలి. నాకు పిల్లి చాలు."

ఒంటి ఫ్యాను పొట్టి కార్డు తీసుకుంది. బోర్డు నుంచి అందే కరెంటుతోనే నడుస్తుంది, అంతగా వేడెక్కదు. కెరూబో ఆట దానిమీద ఆడుతుందని తెలుసు. అలాంటివి నాలుగుంటే నాలుగింటి ఫ్యానులూ వేలితో తిప్పి, గరుకు లేనిది ఏరింది. గిరగిర తిరిగే పాత హార్డ్ డిస్క్ పీకేసి, తిరిగేదేమీ లేని ఎస్ఎస్‌డి పెట్టించింది. ప్రాసెసర్ మీది ఎండిన పేస్టు గీకి కొత్తది పూసింది. వెనక ఫ్యాను తీసేసి, అరచేయంత వెడల్పుదాన్ని నెమ్మదిగా తిరిగేలా బిగించింది. ఆరు నెలలుగా దాచింది అక్కడితో సరిపోయింది.

బరాసా స్విచ్చి వేశాడు. కింది వీధిలో స్పీకర్లమ్మే కొట్లు ఒకదాని మీద ఒకటి పాటలు పెట్టేసి ఉన్నాయి. నేల అదురుతోంది. అతను ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఇక్కడ సింహం గాండ్రించినా తెలీదక్కా! ఇంటికెళ్ళి విను!"

ఇంటికెళ్ళి విను. ఆమె నవ్వి తలూపింది. 'నువ్వొకసారి ఇంటికొచ్చి విని పోరాదూ తమ్ముడూ' అనే మాట నాలుక మీదికొచ్చింది. ఎందుకని అడుగుతాడు. మింగేసింది.

పెట్టెను పాత దుప్పట్లో చుట్టి మతాతులో ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా భయాలే. గతుకులో కార్డు ఊడిపోతుందేమో, వాన పడుతుందేమో, కండక్టరు దీనికీ టికెట్టు అడుగుతాడేమో. ఏదీ కాలేదు. రెండింటికి గది చేరింది. కెరూబో ఇంకా రాలేదు. మకోఖా తలుపు లోపల గడియ వేసి ఉంది, చెప్పులు గుమ్మం దగ్గర బోర్లా పడి ఉన్నాయి.

రేకు గోడ వైపున్న బల్ల మీద పెట్టెను నిలబెట్టి, పాత తెరకు తగిలించి, స్విచ్చి వేసింది. బరాసా ఆటను ముందే ఎక్కించి పెట్టాడు. రెండు జట్లూ వాటంతట అవే ఆడుకునేలా పెట్టింది. అలా గంట నడిస్తే కార్డు వేడెక్కుతుంది, ఫ్యాను ఎంత అరవాలో అంతా అరుస్తుంది. తెరమీద ఎర్రబట్టలవాళ్ళు, తెల్లబట్టలవాళ్ళు పచ్చగడ్డి మీద పరుగులు తీస్తున్నారు. పెట్టె మీద అరచేయి పెట్టింది. సన్నటి వణుకు. ఈ వణుకు బయటికి ఎంత చప్పుడుగా పోతోంది? చేయి చెప్పదు.

అప్పుడు ఆ గోడకున్న మేకుకు తగిలించిన రేకు టీకప్పు ఊగింది.

మకోఖా! తడుతున్నాడు. పాత పెట్టె రోజుల్లోనూ తట్టాడని తెలిసేది ఆ కప్పుతోనే. గబగబా పెట్టెను ఎత్తి, దుప్పటి నాలుగు మడతలు వేసి కింద పెట్టింది. కప్పు మళ్ళీ ఊగింది, ఈసారి రెండుసార్లు. ఫ్యాను వేగం ఇంకా తగ్గించింది. పంపు దగ్గర పన్నెండు గదుల ముందు ఆడిన మాట! మళ్ళీ ఆదివారం వస్తుంది, మళ్ళీ నోళ్ళు తెరుచుకుంటాయి. వెళ్ళి తలుపు కొట్టి, క్షమించు పెద్దాయనా అంటే? ఆయన మీసం కింద ఏదో అంటాడు, తను తప్పుడు జవాబు చెబుతుంది, ఉన్న పరువూ పోతుంది.

స్విచ్చి ఆపేసింది. తెర నల్లబడింది. అయినా కప్పు ఇంకోసారి, మెల్లగా, కదిలీ కదలనట్టు కదిలింది.

"ఆపేశాను కదయ్యా!" అంది గోడతో. "ఇంకేం చెయ్యమంటావ్? నన్ను చంపమంటావా?"

జవాబు వచ్చిందో రాలేదో తెలియదు. మంచం మీద కూర్చుని కప్పునే చూస్తూ ఉంది. అది నిలిచిపోయింది. పావుగంట చూసింది, అరగంట చూసింది. మూడింటికి ధైర్యం చేసి మళ్ళీ స్విచ్చి వేసింది. జట్లు పరుగెత్తాయి. కప్పు కదల్లేదు. నాలుగు దాకా నడిపింది, కదల్లేదు. 'దుప్పటి పనిచేసింది' అనుకుంది. పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టుకుంది. వారం రోజుల తర్వాత ఆమె నోటికి రుచి తెలిసింది ఆ టీతోనే.

అయిదున్నరకు కెరూబో వచ్చింది. సంచి కింద పడేసి పెట్టె ముందు కూర్చుంది. స్విచ్చి నొక్కి కాసేపు చూసింది, మళ్ళీ తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇది నడుస్తోందా అసలు?" పెట్టెకు చెవి ఆనించింది. "అబ్బ! ఊపిరి కూడా వినపడట్లేదు. ఏం చేశావే దీన్ని?"

"దుప్పటి వేశాను కింద."

"దుప్పటా? గాలాడక చస్తుంది." కెరూబో నవ్వుతూ దుప్పటి లాగేసి, ఫ్యాను వేగం పెంచి, ఆట పెట్టింది. మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు విడివిడిగా కదిలిస్తూ చెప్పింది. "ఇప్పుడూ ఏమీ లేదమ్మా. దుప్పటితో పనే లేదు. ముందునుంచీ ఇంతే అయ్యుంటుంది."

క్వంబోకా మేకుకున్న కప్పు వైపు చూసింది. ముందునుంచీ ఇంతే అయితే మరి అతను తట్టింది దేనికి?

ఆలోచన పూర్తిగా తెమలకముందే కాళ్ళు బయటికి నడిచాయి. మకోఖా గుమ్మం ముందు అప్పటికే గథోని నిలబడి ఉంది, చేతిలో ఫోను. గోదాములో డ్యూటీ మారే వేళ దాటిపోయిందట, మనిషి రాలేదని వాళ్ళు ఫోను చేశారట. "హోడి! మకోఖా! హోడి!" అని, లోపలెవరన్నా ఉన్నారా అన్నట్టు పిలుస్తూ తలుపు బాదుతోంది. చెప్పులు మధ్యాహ్నం ఉన్నచోటే బోర్లా ఉన్నాయి. ఏడో గది వడ్రంగి వచ్చి గడియ ఊడగొట్టాడు.

అతను మంచం మీద లేడు. మంచం దిగి, నేలమీద పాక్కుంటూ రేకు గోడ దాకా వచ్చినట్టున్నాడు. బనీను తడిసి ఆరిపోయింది. ఒక చేయి ఛాతీ కింద నలిగిపోయింది, ఇంకో చేయి గోడవైపు చాచి ఉంది. వడ్రంగి వంగి మెడ దగ్గర తాకి చూశాడు. లేచి టోపీ తీసేశాడు.

లోగిలంతా గుమిగూడింది. ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో అన్నారు, ఇంకా కాస్త వెచ్చగా ఉన్నాడని, మధ్యాహ్నం పోయుంటాడని, ఎవరైనా చూసి ఆస్పత్రికి తీసుకుపోయుంటే దక్కేవాడేమోనని. ఆ మాటలన్నీ క్వంబోకాకు ముక్కలుగా అందాయి. గథోని గుంపులో వెతికి ఆమె ముందుకొచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నువ్వు రెండింటికే వచ్చావటగా, కెరూబో అమ్మా. పక్కనే ఉన్నావు. ఏమన్నా వినపడిందా? మూలిగాడా, పిలిచాడా?"

అందరూ ఆమెకేసి తిరిగారు. కెరూబో చప్పున ముందుకొచ్చి తల్లి చేయి పట్టుకుంది. "అమ్మకేం వినపడలేదు ఆంటీ. అమ్మ నిద్రపోయింది," అంది.

ఆ చేయి చిన్నప్పటిలాగే వెచ్చగా ఉంది. ఊరికే తల ఊపితే చాలు. మూడేళ్ళుగా ఎన్నిసార్లు ఊపలేదు! ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. గది నిలుస్తుంది, పని నిలుస్తుంది. ఇంటికొచ్చిన పెట్టె కూడా చప్పుడు చేయనిది. గథోని ఫోను దీపం ఆరిపోయింది. వడ్రంగి టోపీ చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు. ఎవరో పసిపిల్లను ఇంట్లోకి తీసుకుపోయారు. గథోని ఇక అడిగి లాభం లేదన్నట్టు పక్కకు తిరగబోయింది.

క్వంబోకా కూతురి చేతిలోంచి తన చేయి తీసేసుకుంది.

"తట్టాడమ్మా," అంది. "నాలుగుసార్లు తట్టాడు. గోడకున్న కప్పు ఊగడం చూశాను. చప్పుడుకే తడుతున్నాడనుకున్నాను. ఆపేశాక కూడా తట్టాడు. అయినా లేచి రాలేదు. నాకు చెవులు వినపడవు."